‘వర్గం’ అంటే ఏంటండీ? ఒక ఫేస్‌బుక్ పోస్టు మీద నడిచిన కేసు

నేను జిల్లా కోర్టులో క్రిమినల్ సైడు చేస్తా. కొట్లాటలు, చెక్ బౌన్సులు, యాక్సిడెంట్లు, ఇవే రోజూ ఉండేవి. ఈ మధ్య మాత్రం ఫోన్ చేతిలో పట్టుకుని ‘సార్ పోస్టు పెట్టా, స్టేషన్ నుంచి ఫోనొచ్చింది’ అంటూ మెట్లెక్కే వాళ్ళు ఎక్కువయ్యారు. వాటిల్లో ఒక కేసు రాద్దామని చాన్నాళ్ళ నుంచి అనుకుంటున్నా. పెద్ద కేసు కాదు, జైలుకెళ్ళింది లేదు, పేపర్లో పడిందీ లేదు, కానీ నేను చేసిన తప్పులు ఇందులో రెండు మూడు ఉన్నాయి. ఊరు, పార్టీ, అసలు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏదన్నదీ చెప్పను. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే కథ నడుస్తుంది కాబట్టి దానివల్ల చదివేవాళ్ళకి నష్టమేం లేదు. కొన్ని వివరాలు కావాలనే మార్చా.

అసలు ఏం జరిగింది

క్లయింట్ అరవై దాటిన రిటైర్డ్ ఉద్యోగి. పెద్దాయన అందాం. పొద్దున్నే వాకింగ్, పేపరు, తర్వాత ఫేస్‌బుక్. ఏ పార్టీ మనిషీ కాదు, అన్ని పార్టీలనీ తిడతాడు, అందుకే ఏ పార్టీ వాళ్ళూ ఆయన వెనక లేరు (ఇది తర్వాత పనికొచ్చింది, ఇబ్బందీ పెట్టింది). 2025లో ఒకరోజు వాళ్ళ వీధి సిమెంట్ రోడ్డు ఫోటో పెట్టి కింద ఈ మాటలు రాశాడు. పోస్టుని దాదాపు యథాతథంగా ఇస్తున్నా, ఎందుకంటే కేసంతా ఈ వాక్యాల్లోనే ఉంది.

‘రోడ్డు వేసి ఏడాది కాలేదు, కంకర తేలింది. ఇలాంటి పని చేసినోళ్ళకి సిగ్గుండాలి. ఒకే రోడ్డుకి రెండుసార్లు బిల్లు ఎత్తారు. అడిగే నాథుడు లేడు. పనులన్నీ ఒకే వర్గానికి పోతున్నాయి. ఓట్లేసిన పాపానికి మన చెప్పుతో మనమే కొట్టుకోవాలి. పైనున్న నాయకుడికి ఇదంతా తెలీదంటే నమ్మే అమాయకులం కాదు. ఇది నాకు తెలిసిన లెక్క. తప్పైతే ఇంజినీరు గారు కాగితాలు చూపిస్తే సరిదిద్దుకుంటా.’

రెండ్రోజుల్లో స్టేషన్లో కంప్లైంటు పడింది. ఇచ్చింది రోడ్డు వేసిన కాంట్రాక్టరు కాదు, ఆ నాయకుడూ కాదు, ఆయన అనుచరుడు ఒకతను. కంప్లైంటులో 66ఏ కూడా టైపు చేసి ఉంది! ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చిలో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది, పదేళ్ళు దాటినా కంప్లైంటులు రాసిచ్చేవాళ్ళ కంప్యూటర్లలో మాత్రం చావట్లేదు. పోలీసులు ఆ ఒక్కటీ తీసేసి భారతీయ న్యాయ సంహిత 196(1), 353(2), 352, 356(2), వాటితో పాటు ఐటీ చట్టం 67 వేసి ఎఫ్ఐఆర్ కట్టారు. కంప్లైంటుకి జతచేసిన స్క్రీన్‌షాట్‌లో పోస్టు ‘అమాయకులం కాదు’ దగ్గర ఆగిపోయింది. చివరి రెండు వాక్యాలు కత్తిరించేశారు.

మర్నాడు రాత్రి పెద్దాయన వాట్సాప్‌కి నోటీసు వచ్చింది, పొద్దున పదింటికి స్టేషన్‌కి రమ్మని. ఇంట్లో వాళ్ళకి చెమటలు పట్టి కొడుకు వెంటనే పోస్టు డిలీట్ చేసేశాడు. తెల్లారి ఏడింటికి ఇద్దరూ మా ఇంటి ముందున్నారు.

ముందు సెక్షన్లు ఎందుకలా వేశారో చూడాలి

కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చినవాళ్ళు ఇక్కడ కంగారు పడతారు, ఐదు సెక్షన్లు చూడగానే ఐదు నేరాలనుకుంటారు. నేను చూసేది వేరు, వీటిల్లో తాళం ఏది అని. 356 అంటే పరువు నష్టం. అది కాగ్నిజబుల్ (కోర్టు పర్మిషన్ లేకుండా పోలీసులే కేసు కట్టి దర్యాప్తు చెయ్యదగ్గది) కాదు, పైగా పరువు పోయినాయనే స్వయంగా కోర్టుకెళ్ళి కంప్లైంటు వేసుకోవాలి, అనుచరుడు స్టేషన్‌కి వెళ్ళి ఇస్తే చెల్లదు. 352, రెచ్చగొట్టడానికి అవమానించడం, ఇదీ కాగ్నిజబుల్ కాదు, మెజిస్ట్రేట్ పర్మిషన్ లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యడానికి లేదు. 67 అశ్లీలం గురించి, చెప్పుతో కొట్టుకోవాలి అనడం అశ్లీలం ఎలా అవుతుందో రాసినాయనకే తెలియాలి. తిట్టు వేరు, అశ్లీలం వేరు అని సుప్రీంకోర్టు 2024లో ఒక వెబ్ సిరీస్ కేసులో చెప్పింది కూడా.

ఇంక మిగిలింది 196, 353(2). మతం, కులం, భాష, ప్రాంతం లాంటివాటి పేరుతో జనాల మధ్య శత్రుత్వం పెంచడం 196, అదే ఉద్దేశంతో అబద్ధపు సమాచారం, పుకారు వ్యాప్తి చెయ్యడం 353(2). రెండూ మూడేళ్ళ దాకా శిక్ష, రెండూ కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. ఇవే తాళం. ఒక్క కాగ్నిజబుల్ సెక్షన్ ఉంటే చాలు, మిగతావి కాగ్నిజబుల్ కాకపోయినా మొత్తం కేసు పోలీసులే దర్యాప్తు చెయ్యొచ్చని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 174(4) చెప్తుంది. అంటే మామూలు పరువు నష్టం గొడవని పోలీసు కేసు చెయ్యాలంటే ఎక్కడో ఒకచోట కులమో మతమో దొరకాలి. ఈ పోస్టులో ఎక్కడ దొరికింది? ‘వర్గం’ దగ్గర. కంప్లైంటులో ‘వర్గాల మధ్య చిచ్చు పెట్టే విధంగా’ అని రాశారు. అంతే, సిమెంట్ రోడ్డు గొడవ కులాల గొడవ అయిపోయింది.

ఆ మొదటి రోజు నాకు ఇంత క్లియర్‌గా తట్టలేదు, ఇప్పుడు వెనక్కి చూసి రాస్తున్నా కాబట్టి తెలివిగా కనిపిస్తోంది. ఆరోజు నా బుర్రంతా వాక్ స్వాతంత్య్రం మీదే ఉంది.

మొదటి నిర్ణయం: వాట్సాప్ నోటీసు

కొడుకు అప్పటికే గూగుల్ చేసుకుని వచ్చాడు. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదంట కదా సార్, వెళ్ళక్కర్లేదు కదా అన్నాడు. నాన్నకి అరవై దాటాయి, డీఎస్పీ పర్మిషన్ లేకుండా అరెస్టు చెయ్యకూడదంట కదా అని రెండోది. మొదటిది నిజమే, 2025 జనవరిలో సతేందర్ కుమార్ అంటిల్ కేసులో సుప్రీంకోర్టు ఈ నోటీసులు వాట్సాప్‌లో ఇస్తే సరిపోదు, చట్టం చెప్పిన పద్ధతిలో ఇవ్వాలంది. రెండోదే డేంజర్. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 35(7)లో అరవై దాటినవాళ్ళకి ఆ రక్షణ ఉంది కానీ అది మూడేళ్ళ కంటే తక్కువ శిక్ష ఉన్న నేరాలకి మాత్రమే. 353(2) మూడేళ్ళ దాకా. ‘తక్కువ’కీ ‘దాకా’కీ మధ్య పెద్దాయన ఇరుక్కున్నాడు. గూగుల్ ఆ ముక్క చెప్పదు.

నా దగ్గర రెండు దారులు ఉన్నాయి. నోటీసు చెల్లదని ఊరుకోవడం, లేదా చెల్లకపోయినా వెళ్ళడం. వెళ్ళకపోతే ‘నోటీసిచ్చినా రాలేదు’ అని కేస్ డైరీలో ఒక లైను పడుతుంది, తర్వాత అది వాట్సాప్‌లో ఇచ్చారని వాదించుకుంటూ కూర్చోవాలి, వాదన గెలుస్తాం సరే, ఆలోపు ఒక రాత్రి లాకప్‌లో గడిస్తే ఆ గెలుపు ఏం చేసుకుంటాం. వెళ్తే చెల్లని నోటీసుకి మనమే చెల్లుబాటు ఇచ్చినట్టు. మధ్యదారి పట్టా. స్టేషన్‌కి మెయిలూ, రిజిస్టర్డ్ పోస్టూ రెండూ పంపా: సెక్షన్ 35(3) కింద నోటీసు పద్ధతి ప్రకారం ఇవ్వండి, ఇచ్చిన తేదీకి లాయరుతో కలిసి హాజరవుతాం, దర్యాప్తుకి సహకరిస్తాం. ఇందులో ‘సహకరిస్తాం’ అన్న మాటే అసలు సరుకు. ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్న కేసుల్లో ఊరికే అరెస్టు చెయ్యొద్దని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు వచ్చింది కదా, సహకరిస్తున్నాడని కాగితం మీద ఉన్నవాణ్ణి అరెస్టు చెయ్యాలంటే కారణం రాయాల్సిన పని వాళ్ళ మీద పడుతుంది. మర్నాడు కానిస్టేబుల్ ఇంటికొచ్చి నోటీసిచ్చి సంతకం తీసుకెళ్ళాడు.

ముందస్తు బెయిలు వెయ్యమని ఇంట్లోవాళ్ళు పట్టుబట్టారు. నాకెందుకో వద్దనిపించింది. ఇలాంటి కేసుల్లో పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) గారు లేచి ‘35(3) నోటీసిచ్చాం, అరెస్టు ఉద్దేశం లేదు’ అంటారు, పిటిషన్ అక్కడితో క్లోజు. కానీ శుక్రవారం సాయంత్రం భయం ఒకటుంటుంది మా లాయర్లందరికీ, అప్పుడు అరెస్టు చేస్తే శని, ఆదివారాలు లోపలే. అందుకని పిటిషన్ రెడీ చేసి పెట్టుకున్నాం, వెయ్యలేదు. మా జూనియర్ దానిమీద 438 అని పాత నంబరు కొట్టాడు. పాత చట్టంలో 482 అంటే క్వాష్ (హైకోర్టులో కేసు కొట్టేయించుకోవడం), కొత్త చట్టంలో 482 అంటే ముందస్తు బెయిలు, క్వాష్ ఏమో 528 అయింది. 2024 జులై ఒకటి నుంచి మా బుర్రలన్నీ ఇలా కలగాపులగమే.

డిలీట్ చేసిన పోస్టు

కొడుకుని గట్టిగానే అన్నా. కేసు పడ్డాక పోస్టు తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టు కనిపించడం ఒకటి, సాక్ష్యం మాయం చేశారని ఇంకో సెక్షన్ కలిపే అవకాశం ఇంకోటి, అన్నిటికంటే ముఖ్యంగా మనకి పనికొచ్చేది మనమే చెరిపేసుకున్నాం. ఎదుటివాడి దగ్గర కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఉంది, మన దగ్గర ఏమీ లేదు. అదృష్టం కొద్దీ ఫేస్‌బుక్‌లో డిలీట్ చేసింది ముప్ఫై రోజులు ట్రాష్‌లో ఉంటుంది. కొడుకు ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయ్యి అక్కడ చూస్తే మొత్తం పోస్టు ఉంది, చివరి రెండు వాక్యాలతో సహా. మళ్ళీ అందరికీ కనపడేలా పెట్టనివ్వలేదు, ఆర్కైవ్‌లోకి మార్చించి, స్క్రీన్ రికార్డింగ్ తీసి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సెక్షన్ 63 సర్టిఫికెట్ తయారు చేయించా. ‘తప్పైతే కాగితాలు చూపిస్తే సరిదిద్దుకుంటా’ అన్న వాక్యం దొరికాక గానీ ఆ పూట నాకు టీ తాగబుద్ధి కాలేదు.

బెడిసికొట్టినవి

ఒకటి నాది. హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయించా, కొంచెం ఉత్సాహంగానే. ఆ ఏడాది మార్చిలోనే ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు మాటలకి సంబంధించిన నేరాల్లో, మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష ఉన్నప్పుడు, ఎఫ్ఐఆర్‌కి ముందు 173(3) కింద ప్రాథమిక విచారణ చెయ్యడమే సరైందని చెప్పింది. డీఎస్పీ పర్మిషన్‌తో పద్నాలుగు రోజుల్లో అది చెయ్యొచ్చు. మాటల ప్రభావాన్ని ధైర్యం, నిబ్బరం ఉన్న మనిషి కోణం నుంచి చూడాలి, ప్రతిదానికీ బెదిరిపోయేవాడి కోణం నుంచి కాదు అని కూడా అంది. మా కేసులో ప్రాథమిక విచారణ అసలు జరగలేదు. ఇంకేం కావాలి అనుకున్నా. ఆర్టికల్ 19(1)(ఎ) గురించి నాలుగు పేజీలు రాశా, రాస్తుంటే నాకే ఆనందం.

తెలుగు కాగితాలకి ఇంగ్లీషు అనువాదం జతచెయ్యాలి కదా. ఆ పని జూనియర్‌కి ఇచ్చా, చూసి సంతకం పెట్టింది మాత్రం నేనే. అందులో ‘ఒకే వర్గానికి’ అన్నచోట ‘వన్ కమ్యూనిటీ’ అని ఉంది! పీపీ గారు వేరే ఏం వాదించలేదు, మా అనువాదమే చదివారు. పిటిషనరే కమ్యూనిటీ అంటున్నాడు మై లార్డ్ అన్నారు. అయిపోయింది. తర్వాత మెమో వేసి అనువాదం దిద్దాం కానీ, చివరికి వచ్చింది అలవాటైన ఆర్డరే: 35(3) ప్రకారం నడుచుకోండి, పిటిషనరు ఇచ్చే కాగితాలు పరిశీలించండి, పిటిషన్ డిస్పోజ్డ్. వాక్ స్వాతంత్య్రం గురించి ఒక్క ముక్క లేదు. నా నాలుగు పేజీలు ఫైల్లో భద్రంగా ఉన్నాయి.

పెద్దాయన బాగా నిరాశపడ్డాడు. ‘నేను రైటో కాదో కోర్టు చెప్పలేదేంటండీ’ అన్నాడు. నేను ‘అరెస్టు లేదు కదండీ’ అన్నా. ఇద్దరం వేరే వేరే కేసులు నడుపుతున్నామని నాకు అప్పుడు అర్థమైంది. ఆయనకి కావాల్సింది తను చెప్పింది నిజమని ఎవరో ఒకరు అనడం, నాకు కావాల్సింది కేసు పోవడం. ఈ మాట మొదటిరోజే కూర్చోబెట్టి మాట్లాడి ఉండాల్సింది.

రెండోది ఆయన బావమరిది చేసిన ఘనకార్యం. ఆ నాయకుడి దగ్గరికి రాకపోకలున్నాయి ఆయనకి, ‘బావా ఒక వీడియో పెట్టేస్తే కంప్లైంటు వెనక్కి తీసుకుంటారంట’ అని తీసుకెళ్ళి క్షమాపణ వీడియో తీయించాడు. నాకు చెప్పలేదు. అందులో పెద్దాయన చేతులు కట్టుకుని ‘తప్పుడు సమాచారం ప్రచారం చేశాను, క్షమించండి’ అని రాసిచ్చింది చదివాడు. గంటలో ఊరంతా తిరిగింది. ఎదుటి పార్టీ వాళ్ళు దాన్నే తీసుకుని ‘వృద్ధుణ్ణి బెదిరించారు’ అని ఇంకో వీడియో చేశారు. పెద్దాయన రెండు రోజులు వాకింగ్‌కి వెళ్ళలేదు. కంప్లైంటు వెనక్కి తీసుకోవడం మాటకొస్తే, కాగ్నిజబుల్ ఎఫ్ఐఆర్ కంప్లైంటు ఇచ్చినవాడు వద్దంటే పోయేది కాదు, అది బావమరిదికి తెలీదు, చెప్పినవాళ్ళకి తెలుసు.

నాకు గుండె జారింది వేరేచోట. 353లో నేరానికి ముఖ్యమైన దినుసే అబద్ధపు సమాచారం. వీడియోలో ఈయన నోటితోనే ‘తప్పుడు సమాచారం ప్రచారం చేశా’ అనిపించారు. క్షమాపణలాగా కనిపించే నేరాంగీకారం అది. సారీ చెప్పడం తప్పని నేను అనను, కానీ ఏ వాక్యానికి సారీ, ఎందుకు సారీ అన్నది తేల్చకుండా గంపగుత్తగా చెప్పే సారీ మాత్రం మెడకి చుట్టుకుంటుంది.

పనిచేసింది

వీడియో తర్వాత ఒక ఆదివారం పోస్టుని తెల్లకాగితం మీద ఒక్కో వాక్యం ఒక్కో లైనుగా రాసుకుని పెద్దాయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నా. ప్రతి వాక్యానికీ ఒకే ప్రశ్న: ఇది మీరు అనుకుంటున్నదా, జరిగిందని చెప్తున్నదా?

కంకర తేలింది: జరిగింది, ఫోటో ఉంది. సిగ్గుండాలి: అనుకుంటున్నది. నాథుడు లేడు: అనుకుంటున్నది. చెప్పుతో కొట్టుకోవాలి: మనల్ని మనం తిట్టుకున్నది. నాయకుడికి తెలీదంటే నమ్మం: అనుమానం, నమ్మడం నమ్మకపోవడం ఆయన ఇష్టం, దాన్ని అబద్ధం అని నిరూపించడం ఎవరి వల్లా కాదు. ‘రెండుసార్లు బిల్లు ఎత్తారు’ దగ్గర ఆగాం. ఇది అభిప్రాయం కాదు. అయితే నిజం, కాకపోతే అబద్ధం.

‘మీకెలా తెలుసండీ?’

‘కాగితం చూశా. ఒక వార్డు మెంబరు చూపించాడు. ఒకే పని పేరు రెండుచోట్ల, రెండు మొత్తాలు. ఫోన్లో ఫోటో ఉంది.’

ఇన్నాళ్ళూ ఈ ఫోటో సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు! నేను రాజ్యాంగం రాసుకుంటూ కూర్చున్నా మరి. కొడుకు పేరుమీద మున్సిపాలిటీకి ఆర్టీఐ వేయించాం, ఆ రోడ్డు పని తాలూకు ఎం-బుక్ (కొలతల పుస్తకం) నకళ్ళు, చెల్లించిన బిల్లుల నకళ్ళు ఇవ్వమని. ఇది వెయ్యాలా వద్దా అని ఒక రాత్రి ఆలోచించా. జవాబు మనకి ఎదురొస్తే? ఎదురొస్తే పోలీసుల కంటే ముందు మనకే తెలుస్తుంది కదా, ఛార్జిషీటులో మొదటిసారి చదవడం కంటే అది నయం. ముప్ఫై రోజుల గడువు ఇంకో మూడు రోజులుందనగా వచ్చింది జవాబు.

పెద్దాయన తప్పు. రెండూ ఒకే పని బిల్లులే కానీ మొదటిది పార్ట్ బిల్లు, రెండోది ఫైనల్. పని కొంత అయ్యాక కొలతలు ఎం-బుక్‌లో ఎక్కించి పార్ట్ బిల్లు ఇస్తారు, మొత్తం అయ్యాక ముందిచ్చింది తగ్గించి మిగతాది ఇస్తారు. మామూలు పద్ధతే. ఆ కాగితం మీద మాత్రం పార్ట్, ఫైనల్ అన్న మాటలు లేవు, చూసిన ఎవరైనా రెండుసార్లు ఎత్తారనే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా.

ఇక్కడ కేసు తిరిగింది. 353కి ఒక మినహాయింపు ఉంది: చెప్పింది నిజమని నమ్మడానికి సరైన ఆధారం ఉండి, మంచి ఉద్దేశంతో, చిచ్చుపెట్టే ఆలోచన లేకుండా చెప్తే నేరం కాదు. ఆధారం, ఆ కాగితం ఫోటో. మంచి ఉద్దేశం, కత్తిరించేసిన చివరి రెండు వాక్యాలు. అంటే పెద్దాయన చెప్పింది నిజమని నిరూపించే అవసరమే లేదు మనకి, నిజాయితీగా పొరబడ్డాడని చూపిస్తే చాలు. కానీ దానికి ఆయన పొరబడ్డానని ఒప్పుకోవాలి. అదీ అసలు కష్టం.

‘వీడియోలో అంత సిగ్గు పడ్డా కదండీ, మళ్ళీ నా?’ అన్నాడు.

‘అది సారీ అండీ, ఇది సవరణ. ఒక్క వాక్యం మీదే. మిగతా దాన్ని ముట్టుకోం.’

రెండు గంటలు పట్టింది నాలుగు లైన్లు రాయడానికి. ‘పొరపాటు’ అన్న మాట వద్దన్నాడు, ‘పొరబడ్డాను’కి ఒప్పుకున్నాడు, రెండిటికీ తేడా ఏంటో నాకు తెలీదు కానీ ఆయనకి తెలుసు. చివరికి ఇలా తేలింది: ‘ఫలానా రోజు నేను పెట్టిన పోస్టులో ఒకే రోడ్డుకి రెండుసార్లు బిల్లు ఎత్తారని రాశాను. ఆర్టీఐ కాగితాలు చూశాక అవి పార్ట్ బిల్లు, ఫైనల్ బిల్లు అని తెలిసింది. ఆ వాక్యం విషయంలో నేను పొరబడ్డాను. రోడ్డు నాణ్యత మీద నా అభిప్రాయం మారలేదు.’ అదే అకౌంట్లో, అదే జనానికి కనపడేలా పెట్టించా. ఆ చివరి వాక్యం తీసేయమని బావమరిది బతిమాలాడు. తీస్తే మళ్ళీ గంపగుత్త క్షమాపణ అవుతుంది, తియ్యలేదు.

ఇంక ‘వర్గం’. తెలుగులో ఈ మాటంత జారుడు మాట ఇంకోటి లేదేమో. బీసీ వర్గాలు అంటే కులాలు, విశ్వసనీయ వర్గాలు అంటే పేరు చెప్పుకోని ఎవరో ఒకాయన, లెక్కల్లో వర్గం వేరే, ఫలానా నాయకుడి వర్గం అంటే ఆయన మనుషులు. పెద్దాయన పాత పోస్టులు వెతికించా. నాలుగు చోట్ల ఇదే మాట వాడాడు, నాలుగుచోట్లా ఒకే పార్టీలో ఇద్దరు నాయకుల మనుషుల గురించి. పేపర్ల వాళ్ళు రోజూ ఇలాగే రాస్తారని క్లిప్పింగులు జతచేశాం. 1997లో బిలాల్ అహ్మద్ కాలూ కేసులో, అది హైదరాబాద్ నుంచి వెళ్ళిన కేసే, సుప్రీంకోర్టు 196 పాత రూపానికి కనీసం రెండు సమూహాలు ఉండాలని, ఒకదాని మీదకి ఇంకోదాన్ని ఎగదొయ్యాలని చెప్పింది. ఇక్కడ ఒక నాయకుడి మనుషులు ఒక పక్క, కంకర తేలిన రోడ్డు ఇంకో పక్క. రెండో సమూహం ఏది?

ఒక తమాషా ఉంది. కాంట్రాక్టరుది పెద్దాయన కులమే. కులాల మధ్య చిచ్చు అన్న మాటకి ఇంతకంటే తేలికైన జవాబు లేదు, కానీ కాగితం మీద పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. కులం లేదని చెప్పడానికి కులమే రాయాలా అనిపించింది. ఎస్సై గారికి నోటితో చెప్పా, ఆయన నవ్వేశారు, తెలుసు సార్ అన్నారు. తెలిసే సెక్షన్ వేశారన్నమాట. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టను, పైనుంచి ఫోన్లొస్తే ఆ కుర్చీలో ఎవరున్నా ఏం చేస్తారో నేను చూశా.

స్టేషన్‌కి మూడుసార్లు వెళ్ళాం. ఫోన్ అడిగారు, పంచనామా రాసి రసీదిస్తే ఇస్తామన్నాం, ఇచ్చాం. పాస్‌వర్డ్ అడిగారు. నిందితుడి చేత బలవంతంగా చెప్పించొచ్చా అన్నదాని మీద హైకోర్టులు ఒక్కమాట మీద లేవు. గొడవ పడకుండా ‘పోస్టు ఒప్పుకుంటున్నాం, మొత్తం కాపీ సర్టిఫికెట్‌తో ఇస్తున్నాం, ఇంక ఫోన్లో వెతకాల్సిందేముంది’ అని రాతపూర్వకంగా ఇచ్చా. పోస్టు నేనే పెట్టానని ఒప్పుకోవాలా అన్నదీ ఒక నిర్ణయమే. చాలామంది లాయర్లు అకౌంట్ హ్యాక్ అయింది అంటారు. పేరూ ఫోటో ఆయనదే, సవరణ పెట్టిందీ ఆయనే, హ్యాక్ అంటే మిగతా అన్నీ అబద్ధం అయిపోతాయి. మన డిఫెన్సే నిజాయితీ అయినప్పుడు మొదటి వాక్యమే అబద్ధం చెప్తే ఎలా.

పూర్తి పోస్టు, కాగితం ఫోటో, ఆర్టీఐ జవాబు, సవరణ, పాత పోస్టులు, హైకోర్టు ఆర్డరు, అన్నీ ఒక ఫైలు చేసి అక్‌నాలెడ్జిమెంట్ తీసుకుని ఇచ్చాం. అది లీగల్ ఒపీనియన్‌కి వెళ్ళింది. 196, 353, 67 నిలవవు, అవి పోతే మిగతావి పోలీసులు చెయ్యదగ్గ కేసు కాదు, పరువు నష్టం అనుకున్నాయన కోర్టుకెళ్ళొచ్చు అని వచ్చింది. కేసు రిఫర్ చేసి, అంటే నిలవదని మూసేసి, కంప్లైంటుదారుకి నోటీసిచ్చారు. మూసెయ్యొద్దని కోర్టుని అడిగే ప్రొటెస్ట్ పిటిషన్ అతను వెయ్యలేదు. కాంట్రాక్టరు పరువు నష్టం కేసూ వెయ్యలేదు, వేసుంటే ఎం-బుక్ మొత్తం కోర్టులో తెరవాల్సొచ్చేది.

ఇప్పుడైతే వేరేగా చేసేవి

క్లయింట్ రాగానే సెక్షన్లు కాదు, వాక్యాలు చూస్తున్నా. అనుకున్నది ఎంత, జరిగిందని చెప్పింది ఎంత, రెండోదానికి ఆధారం ఏంటి, అది ఎప్పుడు ఎక్కడ చూశారు. ఎక్కువ పోస్టుల్లో పది వాక్యాల్లో తొమ్మిది అభిప్రాయాలే, వాటికి రాజ్యాంగం అడ్డం ఉంటుంది, మనిషి ఇరుక్కునేది పదోదాని దగ్గర. జనం మాత్రం ‘నా అభిప్రాయం’ అని కింద రాస్తే పైన రాసినవన్నీ అభిప్రాయాలైపోతాయనుకుంటారు. పోలీసులు ఉల్టా, ఒక్క వాక్యం తప్పైతే పోస్టంతా నేరం అనుకుంటారు.

అనువాదం జూనియర్‌కి ఇవ్వట్లేదు. నేనే చేస్తున్నా, జారుడు మాట ఉంటే తెలుగు మాట అలాగే ఉంచి కింద వివరణ ఇస్తున్నా. హైకోర్టుకి ముందు వెళ్ళాలా స్టేషన్లో ముందు కాగితాలు పెట్టాలా అంటే, అరెస్టు భయం లేనప్పుడు రెండోదే అంటున్నా. ఫైలు లేకుండా పైకెళ్తే పైన చెప్పేదీ ఏముండదు. మా కేసు అయ్యాక, 2025 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు సోషల్ మీడియా పోస్టుల మీద ఎఫ్ఐఆర్ కట్టేముందు ఏం చూసుకోవాలో మార్గదర్శకాలిచ్చింది, కంప్లైంటు ఇచ్చినవాడు అసలు బాధితుడేనా అన్నది అందులో ఒకటి. అంతకుముందు జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ఇలాంటి కేసుల్లో రిమాండ్ అడిగినప్పుడు అర్నేష్ కుమార్ తీర్పు పాటించాలని మెజిస్ట్రేట్లకి సర్క్యులర్ పంపింది. ఆ రెండూ ఇప్పుడు నా బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి. పోస్టు డిలీట్ చెయ్యొద్దు అన్నది కూడా ఫోన్లోనే మొదటి మాటగా చెప్తున్నా, ‘హలో’ తర్వాత అదే.

ఫోన్ వెనక్కి రావడానికి మెజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వెయ్యాల్సొచ్చింది. వచ్చేసరికి బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయింది. పెద్దాయన కొత్తది కొనుక్కుని పోయిన నెల రాత్రి పదకొండింటికి నాకో మెసేజ్ పెట్టాడు, డ్రైనేజీ మీద రాసిన కొత్త పోస్టు, పెట్టేముందు చూడమని. ప్రతి వాక్యం పక్కన బ్రాకెట్లో ‘అ’ అనో ‘జ’ అనో వేసుకున్నాడు, అనుకున్నది, జరిగింది. బానే ఉంది చదువుకుంటూ పోతున్నా. ‘వర్గం’ అన్న మాట ఎక్కడా లేదు. దాని బదులు ‘ముఠా’ అని రాశాడు.

వెంటనే ఫోన్ చేశా.